సన్నాయి మావయ్య ఎంగిలి

రేపల్లెలో మా సన్నాయి మావయ్య పోయాడు. అత్తయ్య ఫోను రాకముందే తెనాలిలో నాకు ఆ కబురు సెల్లులో కనిపించింది. ఆయన ఒకప్పుడు సన్నాయి ఊదిన బ్యాండువాళ్ళు పోస్టు పెట్టారు. ఫొటోలో నల్లకళ్ళజోళ్ళతో కుర్రాళ్ళు పెద్దగా, ఓ మూల మావయ్య బొట్టుబిళ్ళంత. కిందనే వచ్చే నెల కచేరీ ప్రకటన. చావుకబురుకి అతికించిన ఆ ప్రకటన చూసి సెల్లు బోర్లా పెట్టేశాను.

మీలో చాలామంది ఆ బ్యాండు పాటలు వినే ఉంటారు. అందులో గుండె పట్టేసేటట్టు వినపడే సన్నాయి మా మావయ్యదే.

ఆయనకి ఎంగిలంటే మహా అసహ్యం. పెళ్ళిలో ఎవరైనా మూతికి ఆనించి మాట్లాడిన మైకును ముట్టేవాడు కాదు. బస్సులో పక్కవాడు నోట్లో వేలు పెట్టి పేజీ తిప్పితే లేచి నిలబడేవాడు. "రోతమ్మా, రోత" అన్నది ఆయన ఊతపదం. సాంబారులో వెంట్రుకకీ, సన్మానసభలో పొగడ్తకీ అదే మాట. ఆ జబ్బు నాకూ ఆయన దగ్గరే అంటుకుంది. అందుకు ఆయనకి ఋణపడి ఉన్నాను.

అలాంటి మనిషి దగ్గరికి గిటారు వాయించే తెనాలి కుర్రాళ్ళు వచ్చారు. "ఐర్లండులో పబ్బుల్లో వాళ్ళ పాత వాయిద్యాలే గిటారుతో కలిపి వాయిస్తారండి. మనకి సన్నాయి ఉంది కదండీ" అన్నారు.

"పబ్బంటే ఏంట్రా?"

"బారేనండి. కాస్త చీకటిగా ఉంటుంది."

వెళ్ళగొడతాడనుకున్నాం. "ఏదీ, ముందు మీరు వాయించండి" అన్నాడు. వాయించారు. ఆయన సన్నాయి అందుకున్నాడు. ఆ పూట ఇంట్లో అన్నాలు చల్లారిపోయాయి.

మొదటి కచేరీ బాపట్లలో, సముద్రం దగ్గర ఓ రిసార్టు బారులో. నేనూ వెళ్ళాను. నేలంతా బీరు జిగట, కోడి ఎముకలు. మావయ్య పంచె ఎత్తిపట్టుకుని ఎముకలు దాటుకుంటూ వేదికెక్కాడు. ఊదడం మొదలుపెట్టాక గ్లాసు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. తర్వాత హైదరాబాదు పబ్బులు, బెంగుళూరు, ఆ తర్వాత విమానాలెక్కి దుబాయి, సింగపూరు. తిరిగి రాగానే గుమ్మంలోనే అత్తయ్య సన్నాయి అందుకుని, నోటికి పెట్టే రీడును కొంగుతో తుడిచేది. ఆ ఒక్క ఎంగిలి మాత్రం ఆయనకి రోత కాదు. "తుడవవే, కష్టార్జితం" అని నవ్వేవాడు.

పెద్ద వేదికలు వచ్చేసరికి బ్యాండుకి మేనేజరొకడు తయారయ్యాడు. "ముందే రికార్డు చేసింది వేస్తాం, మీరు ఊదక్కర్లేదండి. నోటికి పెట్టుకుని బుగ్గలు పొంగించండి చాలు" అన్నాడట. మావయ్య ఒక్క కచేరీలో అలా నిలబడి ఇంటికొచ్చాడు. అత్తయ్య అలవాటుగా కొంగు తీసింది.

"తుడవకు. ఎంగిలి కూడా కాలేదు" అన్నాడు. మళ్ళీ ఆ బ్యాండు వైపు పోలేదు. కర్లపాలెంలో పెళ్ళి ఉందంటే బస్సెక్కి వెళ్ళి ఊదొచ్చేవాడు. మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "నేను పోయాక ఆ రికార్డు నా ఫొటో ముందు వేస్తారు. వెయ్యనివ్వకమ్మాయ్." సరేనన్నాను.

ఆయన అనుకున్నట్టే పెదకర్మ రోజున బ్యాండు వ్యాను దిగింది. విస్తళ్ళ పక్కనే స్పీకరు డబ్బాలు పెట్టారు. కొత్తగా చేరిన వాడొకడు దండేసిన ఫొటో ముందు నిలబడి సన్నాయి నోటికి పెట్టుకున్నాడు. స్పీకర్లలో మావయ్య ఊపిరి. బూరెలు నములుతూనే జనం నెయ్యి చేతులతో సెల్లులెత్తారు. ఛీ! ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. వెళ్ళి వైరు పీకేశాను.

పాట ఆగిపోయింది. అతని బుగ్గలు ఇంకా పొంగే ఉన్నాయి.

"ఏంటండీ ఇది? నివాళండి!" అని మేనేజరు నా మీదికొచ్చాడు.

"నివాళైతే ఆ అబ్బాయిని ఊదమనండి."

అతను సన్నాయి కిందికి దించాడు. "నాకు ఊదడం రాదక్కా" అన్నాడు మెల్లగా.

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న అత్తయ్య లేచి వచ్చింది. కచేరీ అయిపోయిందనుకుందో, అలవాటో, అతని చేతిలోంచి సన్నాయి తీసుకుని కొంగు పట్టుకుంది. రీడు వైపు చూసింది. కొంగు వదిలేసి, సన్నాయి తిరిగి అతని చేతిలో పెట్టింది.

"తీసుకో నాయనా. ఎంగిలి కూడా కాలేదు."