అక్కి నొప్పికి మిర్చి మందు

1987 డిసెంబరులో గుంటూరు శివార్లలోని ఒక చిన్న మందుల కంపెనీలో డెవలప్‌మెంట్ ఫార్మసిస్టుగా చేరాను. అప్పటికి ఆ కంపెనీ చేసేవి నొప్పుల బామ్, గజ్జి మందు, కాళ్ల పగుళ్లకు రాసే క్రీము. హోదా పెద్దదే గానీ నా కింద పనిచేసేవారు ఎవరూ లేరు. కొత్త మందు తయారుచేయడం నా బాధ్యత.

చేరిన వారంలోనే యజమాని ఒక విదేశీ వైద్య పత్రికలోని వ్యాసం నా ముందు పెట్టారు. అక్కి లేచినవాళ్లలో కొందరికి పొక్కులు ఎండాక కూడా నెలల తరబడి నరాల నొప్పి వదలదు. చీర కొంగు తగిలినా ఓర్చుకోలేరు. మిరపకాయ ఘాటుకు కారణమైన కాప్సైసిన్‌ను అతి తక్కువ మోతాదులో చర్మానికి రాస్తే ఆ నొప్పి తగ్గుతోందని పరిశోధకులు రాశారు. మిర్చి పండేది మన దగ్గర, మందు కూడా మనమెందుకు చెయ్యకూడదన్నారాయన.

ఏడాది పట్టింది. ఘాటు ప్రతి ట్యూబులో ఒకేలా కలవాలి. మన ఎండలకు క్రీములో నూనె తేలకూడదు. అవి కుదిరాక, ప్రభుత్వ అనుమతితో, ప్రకాశం జిల్లాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో రోగుల సమ్మతి తీసుకుని పరీక్ష మొదలుపెట్టాం. మందు వాడకాన్ని గమనించే పని హెడ్ నర్సు మార్తమ్మగారిది.

నెల తిరిగాక ట్యూబులన్నీ వెనక్కి తెప్పించి తూకం వేశాను. ఎంత మందు రాసుకున్నారో రోగి నోటిమాట కన్నా ట్యూబు బరువే కచ్చితంగా చెబుతుంది. దాదాపు అన్నీ నిండుగానే ఉన్నాయి. రాసిన చోటల్లా మండుతోందని మానేశారట. ఘాటు సగానికి తగ్గించమన్నారు యజమాని. తగ్గిస్తే మంటతో పాటు గుణమూ పోతుందన్నాను. అయితే ఇంతటితో ఆపేద్దామన్నారు. నెల రోజులు గడువు అడిగాను. ఇష్టం లేకుండానే ఇచ్చారు.

ఒక్క ట్యూబు మాత్రం చివరిదాకా పిండేసి ఉంది. అది కోటమ్మగారిది. ఆమె మిర్చి కళ్లాల్లో రంగు వెలిసిన తాలుకాయలు ఏరే కూలి. మార్తమ్మగారు నన్ను ఆ కళ్లానికే తీసుకెళ్లారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు రవిక తొడుక్కోగలుగుతున్నానని కోటమ్మగారు చెప్పారు. మంటకు ఎలా ఓర్చుకున్నారని అడిగాను.

"కళ్లంలోకి కొత్తగా వచ్చినోళ్లకి వారం రోజులు చేతులు భగభగమంటయ్యండి," అన్నారు, కాయలు ఏరడం ఆపకుండానే. "మానకుండా వస్తే అదే తగ్గుద్ది. నాలుగు రోజులు ఇంటికాడ ఉండి వచ్చారా, మళ్లీ మొదటికొచ్చుద్ది. మీ మందూ మిరపకాయదేగా. అందుకని పూట తప్పకుండా రాశా."

రోజుకు నాలుగుసార్లు, వారాల తరబడి రాయాలని ఆ వ్యాసంలోనే ఉంది. నేను దాన్ని మోతాదుగా చదివానే తప్ప ఎందుకని ఆలోచించలేదు. పైగా రోగులకిచ్చిన కాగితం మీద మా బామ్ పెట్టె మీది వాక్యమే దించాను: 'నొప్పి ఉన్నప్పుడు రాయండి.' వాళ్లు అలాగే చేశారు. రాసిన ప్రతిసారీ కొత్తగా మండింది. పొరపాటు నాదేనని యజమానికి రాసిచ్చాను.

మార్తమ్మగారూ నేనూ వార్డులో బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం రాశాం. 'నొప్పి ఉన్నా లేకపోయినా రోజుకు నాలుగుసార్లు రాయండి. మొదట్లో మండుతుంది. మానకుండా రాస్తే మంట తగ్గుతుంది. మధ్యలో మానితే మళ్లీ మండుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.' చదువురానివారికి ఆమె చదివి వినిపించి, వాళ్లచేత తిరిగి చెప్పించుకున్నారు. క్రీములో నేను ఏమీ మార్చలేదు. రెండోసారి తూకానికి వచ్చిన ట్యూబులు చాలావరకు ఖాళీ. అందరికీ గుణం కనిపించలేదు. కనిపించినవాళ్లు మాత్రం మళ్లీ ట్యూబు అడిగారు.

లైసెన్సు వచ్చి మందు దుకాణాలకు చేరింది. మా కంపెనీ పేరు జిల్లా దాటి వినిపించింది ఆ మందుతోనే. పెట్టె మీద ఫార్మసిస్టు పేరు ఉండదు. అయినా అది నేను చేసిన మందని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను, కోటమ్మగారి మాటతో సహా.

పరిశోధన మందుగా మారడానికి ఫార్ములా ఎంత అవసరమో, వాడే మనిషికి అర్థమయ్యే మాటా అంతే అవసరమని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, వాడబోయేవాళ్లలో ఒకరికైనా చదివి వినిపించి వాళ్ల నోట తిరిగి చెప్పించుకోకుండా ఏ మందు కాగితాన్నీ అచ్చుకు పంపలేదు.