ఫ్లాపీలకు పెట్టిన కుంకుమ

గుంటూరులో మా కాలేజీ కంప్యూటర్ గదిని హెడ్డుగారు గర్భగుడి చేసి పెట్టారు. చెప్పులు బయట విడవాలి, కాళ్ళు కడుక్కోవాలి. ఊరంతా మిరప ఘాటు, ఆ దుమ్ము పడితే యంత్రం పాడైపోతుందని ఆయన భయం. దాన్ని ఆన్ చేయడం ఆయనకు రాదు. ఏసీ కింద కుర్చీ వేసుకుని మధ్యాహ్నం కునుకు తీయడం మాత్రం బాగా వచ్చు.

ఎనభైల చివర ఆ గదిలోనే నేను ఎం.ఫిల్. వెలగబెట్టాను. ప్రోటీన్ అంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ అనుకోండి. ఒక్కో పూసకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం. మనిషి రక్తంలోని ప్రోటీన్‌ను గేదెదానితో, కోడిదానితో, చేపదానితో పక్కపక్కన పెట్టి ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో కంప్యూటర్ చేత లెక్కపెట్టించడం నా పని. ఇప్పుడు మీట నొక్కితే ఇలాంటి వరసలు కుప్పలుగా వచ్చి పడతాయి. అప్పుడు జర్నళ్ళ జిరాక్సులు చూసి అక్షరం అక్షరం కొట్టుకోవాల్సిందే.

ఆ జిరాక్సులు సగం మసి. వాటిని సాపు రాసిచ్చే పని మా డిపార్టుమెంటులో టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉన్న ఒకావిడకు అప్పగించారు. చీరాల నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళ నాన్న రిటైరైన బడిపంతులు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే మనిషి. ఇంటి దగ్గర ఆయన జిరాక్సు చూసి ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే, ఈవిడ లాంగ్ నోటుబుక్కులో తను రాసినదాని మీద టిక్కు పెట్టుకునేది. ఆ తండ్రీకూతుళ్ళను టీ కొట్టు దగ్గర అనుకరించి అందరినీ నవ్వించేవాణ్ణి. అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాక జిరాక్సులు పారేశాను. ఇక నీ నోటుబుక్కులు పకోడీల పొట్లాలకు తప్ప దేనికీ పనికిరావని ఆవిడ మొహం మీదే అన్నాను. ఆవిడ వాటిని సంచిలో పెట్టుకుని రైలుకు వెళ్ళిపోయింది.

దసరాకు ఆయుధపూజ పెట్టారు. హెడ్డుగారు పట్టుపంచె కట్టుకొచ్చారు. కంప్యూటర్‌కు బంతిపూల దండ వేశాక నేను ఫ్లాపీల పెట్టె తెరిచాను. పైన అంటించిన చీటీ మీద బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఎక్కించిందంతా దాచుకునే లోపలి నల్ల బిళ్ళ కనపడే కంత ఉంటుంది చూడండి, తడి పసుపు రాసి కుంకుమ సరిగ్గా అక్కడ పెట్టాను, ముచ్చటగా ఉందని. రెండో సెట్టు కాపీలను పక్కన పెట్టబోతే హెడ్డుగారు ఆపారు.

"అవేం పాపం చేశాయయ్యా? వాటికీ పెట్టు."

పెట్టాను. చెప్పుల దుమ్ముకు హడలిపోయే మేధావులం ఇద్దరం, చేతిలో ఉన్న కుంకుమ గురించి మాత్రం ఆలోచించలేదు.

సెలవుల తర్వాత ఫ్లాపీ పెడితే డ్రైవ్ గరగరమంది. ఒక్కటీ తెరుచుకోలేదు. థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలే ఉంది. నాకు ఏడుపొచ్చింది. పూజలో శ్రద్ధ లేకపోబట్టే ఇలా అయిందని హెడ్డుగారు నన్నే తిట్టారు.

చివరికి ఆవిడ దగ్గరకే వెళ్ళాను. అట్టలు వేసిన నోటుబుక్కులు మర్నాడే తెచ్చిచ్చింది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది. డ్రైవ్ బాగుచేయించి అన్నీ మళ్ళీ కొట్టాను. థీసిస్ తయారయ్యాక, తప్పులు చూసిపెట్టమని సిగ్గులేకుండా మళ్ళీ ఆవిడకే ఇచ్చాను.

కృతజ్ఞతల పేజీలో హెడ్డుగారున్నారు. ఏసీ మెకానిక్ ఉన్నాడు. ఆవిడ పేరు లేదు. మరిచిపోయానంటే అబద్ధం. నోటుబుక్కుల సంగతి రాస్తే కుంకుమ సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని మానేశాను.

వారానికి కాగితాలు తిరిగి తెచ్చింది. మూడు చోట్ల అక్షరాలు పొరపాటు పడ్డాయని పెన్సిల్ గుర్తులు చూపించింది. తర్వాత కృతజ్ఞతల పేజీ తీసి పైన పెట్టింది.

"ఇది కూడా నాన్న పైకి చదివారండీ. చివరిదాకా టిక్కు పెట్టాను. ఇందులో తప్పేమీ లేదు."

బైండింగుకు ఇంకా రెండు రోజులుంది. ఆ మూడు అక్షరాలు దిద్దాను. ఆ పేజీని ఉన్నదున్నట్టు బైండింగుకు ఇచ్చాను.