నాలుగు వేల రెండు వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం

కొరియాలో క్షిపణి ఎగిరినప్పుడల్లా ఆ వీధిలో ఒక ఇంటి కాలింగ్ బెల్ మోగుతుంది. పక్కింటాయన గుమ్మంలో నిలబడి, "మేడమ్, యుద్ధం వస్తుందంటారా? మేడ మీద గది వేద్దామనుకుంటున్నాం, కొన్నాళ్లు ఆగమంటారా?" అని అడుగుతాడు. "వేసుకోండి, ఏం ఫర్వాలేదు" అని ఆవిడ చెబుతుంది. ఇప్పటికి మూడు గదులు వేశాడాయన. రెండు కొరియాల రాజకీయాలూ, వాటి విదేశాంగ నీతీ తలకెత్తుకుని ఆవిడ ఇరవయ్యారేళ్లు చదివిన చదువుకి ఆ వీధిలో పుట్టిన ఫలితం ఆ మూడు గదులే.

యూనివర్సిటీలో అందరూ కొరియా మేడమ్ అంటారు. ఆ దేశాన్ని ఆవిడేం ఏరికోరి తెచ్చుకోలేదు. పరిశోధనలో చేరిన రోజున తోటివాళ్లు అమెరికా, రష్యా, చైనా పంచేసుకున్నారు. జ్వరంతో ఒక రోజు ఆలస్యంగా వెళ్లిన ఈవిడకి కొరియా మిగిలింది. "మిగిలిందని ఏడవకు. పెద్దవాళ్ల గొడవ మధ్య ఇరుక్కుని బతికిన వాళ్ల కథ అది. నీకు నచ్చుతుంది" అన్నారు గురువుగారు. నచ్చింది. ఎంత నచ్చిందంటే, పదకొండు నెలలు అక్కడి దస్త్రాల గదిలో దుమ్ము తిని, దగ్గు అంటించుకుని, చేతిలో ఒకే ఒక్క ఉత్తరంతో తిరిగొచ్చింది.

ఆ ఉత్తరమే ఆవిడ కీర్తి. దక్షిణ కొరియా విదేశాంగ శాఖలో ఎక్కడో మూల బల్ల దగ్గర కూర్చునే ఒక గుమాస్తా తన పైఅధికారికి రాసింది. ఫలానా చిన్న దేశంతో మనం సొంతంగా రాకపోకలు మొదలుపెట్టాలి, ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నది దాని సారాంశం. అలాంటి పనులు చేయొద్దని, వాళ్లకి అండగా ఉన్న పెద్ద దేశం హెచ్చరించింది పందొమ్మిది వందల యాభై నాలుగు నవంబరులో. ఉత్తరం రాసింది యాభై నాలుగు మార్చిలో. అంటే ఎవరూ కళ్లెర్ర చేయకముందే చిన్న దేశం తన దారి తాను వెతుక్కుంది. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయని అందరూ రాస్తుంటే, దూడ తన కాళ్ల మీద తాను నాలుగడుగులు వేసిందని ఆవిడ రాసింది. ఈ విషయం మీద లోకం మొత్తానికీ రాసేవాళ్లు పదకొండు మంది. పదకొండు మందీ ఆవిడ వ్యాసాన్నే ఎత్తి రాశారు.

ఇప్పుడు ఆవిడ శిష్యురాలు ఒకమ్మాయి ఆ ఉత్తరం మీదే అయిదేళ్లు పనిచేసి థీసిస్ రాసింది. తోటి విద్యార్థులు ఆ పిల్లని చీమ అంటారు. లైబ్రరీలో ఎప్పుడు చూసినా ఒక్కో అక్షరం మీద నుంచీ పాకుతున్నట్టు చదువుతుంది, మాటా పలుకూ తక్కువ. ఆ పిల్లకి వైవా పొద్దున పదకొండు గంటలకి. దాని ముందు రోజు మధ్యాహ్నం, సరిగ్గా రెండు గంటలకి, కొరియా మేడమ్ తన బల్ల సొరుగు లాగింది.

సొరుగు లోపలి గోడకి ఒక అట్టముక్క అంటించి ఉంది. దక్షిణ కొరియా ప్రభుత్వం మొదట్లో, నలభై ఎనిమిది నుంచి అరవై ఒకటి దాకా, తమ ఆదిరాజు పేరిట పాత శకం వాడింది. కాగితాల మీద తేదీలన్నీ నాలుగు వేల చిల్లరలో ఉంటాయి. అందులోంచి రెండు వేల మూడు వందల ముప్ఫై మూడు తీసేస్తే మన మామూలు సంవత్సరం వస్తుంది. లెక్కల్లో ఈవిడ చిన్నప్పట్నుంచీ అంతంత మాత్రమే కాబట్టి, గురువుగారు తన నోటు పుస్తకంలో ఒక పట్టిక వేసి, "చూసి రాసుకో, తీసివేతలు చేసి చావకు" అన్నారు. ఈవిడ అట్టముక్క మీదకి ఎక్కించుకుంది. పద్ధెనిమిదేళ్లుగా అది అక్కడే ఉంది. విద్యార్థులందరూ దానికి జిరాక్సు తీసుకున్నవాళ్లే.

గురువుగారు పోయి ఏడాదైంది. ఆయన భార్య ఇల్లు సర్దుతూ పాత నోటు పుస్తకాలన్నీ ఆ పొద్దున పంపించింది. ఆకుపచ్చ సిరాతో వేసిన ఆ పట్టిక కనపడగానే ఈవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంచులు లేచిపోయిన అట్ట పీకేసి ఆయన చేతిరాతే అంటించుకుందామని రెండూ పక్కపక్కన పెట్టింది.

గురువుగారి పట్టికలో 4287కి ఎదురుగా 1954, 4288కి ఎదురుగా 1955.

ఈవిడ అట్ట మీద 4287కి ఎదురుగా 1954, 4288కి ఎదురుగా కూడా 1954. కింది వరుస నుంచి మళ్లీ అంతా సరిగ్గానే ఉంది. చూసి రాసేటప్పుడు పై వరుసలోని అంకె ఒక్కసారి కిందికి జారిందంతే. పద్నాలుగు వరుసల్లో తప్పిన వరుస ఒక్కటే. ఉత్తరం మీద ఉన్నది ఆ వరుసే, 4288 మార్చి.

కాగితం తీసి, చిన్నపిల్లలా అప్పు తెచ్చుకుంటూ తీసివేత చేసింది. యాభై అయిదు వచ్చింది. తిరగేసి కూడింది. యాభై అయిదే. అంటే ఉత్తరం హెచ్చరికకి ఎనిమిది నెలలు ముందు రాసింది కాదు, నాలుగు నెలలు తర్వాత రాసింది. ఆవిడ పేరు నిలబడిన వ్యాసం ఒక జారిన అంకె మీద నిలబడి ఉంది. దాని మీద ఒక పిల్ల అయిదేళ్ల బతుకు కట్టుకుంది. రేపు ఆ పిల్లని పరీక్షించడానికి వచ్చేదెవరు? భూతద్దం. ఆ పేరు ఊరికే రాలేదు. నిజంగానే జేబులో భూతద్దం పెట్టుకుని ఫుట్‌నోట్లు చదివే మనిషాయన. తేదీ తప్పిందని కిందటేడు ఒక కుర్రాడి థీసిస్ తిప్పి పంపేశాడు.

చీమకి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. పరీక్ష ముందు రోజు ఫోన్ కట్టేసుకొమ్మని చెప్పింది తనే.

ఇంటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. భర్త సర్వేయరు. ముప్ఫయ్యేళ్లుగా గొలుసు పట్టుకుని పొలాల గట్లు కొలిచిన మనిషి. సంగతంతా విని, "తప్పు రాయి పాతావు, అంతేగా? పీకి సరైన చోట పాతు" అన్నాడు.

"ఆ రాయి చూసుకుని పదకొండు మంది ఇళ్లు కట్టుకున్నారండీ."

"వాళ్లు కొలుచుకోవద్దూ? తిలాపాపం తలా పిడికెడు."

"వాళ్ల సంగతి నాకెందుకు? ఆ పిల్ల ఏమవుతుంది? ఇప్పుడు చెబితే రాత్రికి రాత్రి అధ్యాయం మార్చలేదు. చెప్పకపోతే రేపు ఆయన పట్టుకుంటాడు."

"పట్టుకోకపోతే?"

ఆ మాట అప్పటికి ఆవిడ మనసులో నాలుగుసార్లు తిరిగింది. భూతద్దం తన పుస్తకంలో ఆ తేదీని మూడు చోట్ల వాడుకున్నాడు. తనూ నమ్మిన తేదీని తనెందుకు అనుమానిస్తాడు? నోరు మూసుకుంటే గండం గడిచిపోవచ్చు. ఇలా అనుకున్నందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. అయినా అనుకోవడం మానలేదు.

భోజనం ముట్టకుండా చీమ థీసిస్ ముందేసుకుంది. యాభై నాలుగు అని ఎన్ని చోట్ల ఉందో గుర్తు పెడదామని మూడో అధ్యాయం తెరిచింది. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. ముప్ఫై ఎనిమిది పేజీలు తిప్పింది. ఉత్తరం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా 4288 మార్చి అనే ఉంది. మిగతా తేదీలన్నిటినీ మామూలు సంవత్సరంలోకి మార్చిన పిల్ల ఆ ఒక్కదాన్నీ మార్చకుండా వదిలేసింది.

పిల్లకి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

ఆ అధ్యాయం చివర "పరిశీలించాను" అని గైడుగా తన సంతకం ఉంది. తన ఉత్తరమే కదా, తన వాదనే కదా అని ఆ అధ్యాయం మాత్రం చదవకుండా సంతకం పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టిందని చెబితే అబద్ధం.

పొద్దున్నే, ఎలాగైనా పిల్లని ముందే పట్టుకోవాలని తొమ్మిదింటికే వెళ్లింది. ఖర్మ కాకపోతే భూతద్దం అంతకన్నా ముందే వచ్చి ఆవిడ గదిలో టీ తాగుతూ కూర్చున్నాడు. గంటన్నర సేపు తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. ఈవిడ ఊ కొడుతూ గడియారం వంక చూస్తూ, మధ్యలో రెండుసార్లు సొరుగు సరిగ్గా మూసి ఉందో లేదో తడిమి చూసుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. పదకొండయ్యింది. అందరూ లేచారు.

వైవా గది పొడుగ్గా ఉంది. ఒక చివర నల్లబల్ల, నాలుగు వరుసల కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ విభాగంలో ఒక కట్టుబాటు ఉంది. పరీక్ష జరుగుతున్నంత సేపూ గైడు నోరు విప్పకూడదు. విప్పితే పిల్లకి అందించినట్టు లెక్క, పరీక్ష రద్దు. ఆ నియమం పెట్టించింది కూడా కొరియా మేడమే. వేరే ఎవరో గైడు తన శిష్యుడికి సైగలు చేస్తుంటే చూసి మండిపడి, పట్టుబట్టి పెట్టించింది.

మొదటి రెండు అధ్యాయాలు సాఫీగా గడిచాయి. చీమ గొంతు సన్నగా ఉన్నా తడబడలేదు. భూతద్దం మూడో అధ్యాయం తెరిచాడు. జేబులోంచి అద్దం తీశాడు.

"ఇదేంటమ్మా? అన్ని తేదీలూ మార్చావు, ఈ ఉత్తరానికి మాత్రం నాలుగు వేల రెండు వందల ఎనభై ఎనిమిది అని వదిలేశావు. ఇది ఏ సంవత్సరం?"

చీమ తలెత్తింది. ఆయన వైపు కాదు, వెనక వరుసలో కూర్చున్న మేడమ్ వైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్లీ తల దించుకుంది.

"పొరపాటున మార్చలేదు సార్. యాభై... యాభై నాలుగు అని ఉండాలి."

అయిదేళ్లు ప్రతి అంకెనీ తూచి రాసిన పిల్ల, ఈవిడ కోసం, అందరి ముందూ అబద్ధం చెబుతోంది. రేపు ఎవరైనా లెక్క తీస్తే ఆ అబద్ధం ఆ పిల్ల పేరు మీదే ఉండిపోతుంది. కొరియా మేడమ్ ఎలా లేచిందో ఆవిడకే తెలియదు.

"కాదు" అంది.

"మేడమ్, మీరు మాట్లాడకూడదు" అన్నాడు విభాగాధిపతి కంగారుగా.

"తెలుసు. ఆ రూలు నాదే. ఆ తప్పూ నాదే." నడిచి వెళ్లి సుద్దముక్క తీసుకుంది. బల్ల మీద 4288 వేసి, కింద 2333 వేసి, గీత గీసి, అందరూ చూస్తుండగా తీసివేసింది. "యాభై అయిదు. పద్ధెనిమిదేళ్ల కింద నేను పట్టిక తప్పుగా ఎక్కించుకున్నాను. ఈ అమ్మాయికి సరైన సంవత్సరం తెలుసు. నా మొహం చూసే రాయకుండా వదిలేసింది. పరీక్ష రద్దు చేస్తారో, నన్ను గైడుగా తీసేస్తారో మీ ఇష్టం. ఆ అబద్ధం మాత్రం ఆ పిల్ల ఖాతాలో వెయ్యకండి."

తన పుస్తకంలోని మూడు చోట్లూ గుర్తొచ్చాయేమో, భూతద్దం చేతిలో అద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఈ అధ్యాయం కూలిపోయినట్టేనా?" అని అడిగాడు చివరికి. అడిగింది చీమని.

చీమ లేచి నిలబడింది. "లేదు సార్. హెచ్చరిక రాకముందు రాసి ఉంటే, ఆ గుమాస్తా తెలియక రాశాడనుకోవచ్చు. కానీ వచ్చాక రాశాడు. ఆ హెచ్చరిక కాపీ తన బల్ల మీదికి వచ్చినట్టు రిజిస్టర్లో అతని సంతకం ఉంది. నేను అనుబంధంలో పెట్టాను. వద్దన్నారని తెలిసి కూడా రాశాడు సార్. ముందు రాయడం కన్నా అదే పెద్ద విషయం."

ఆ తర్వాత గంటసేపు ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. అంత మాట్లాడుతుందని అక్కడెవరికీ తెలియదు. భూతద్దం ఒక్కచోట కూడా అడ్డుపడలేదు. గైడు మాట్లాడింది గైడు తప్పు గురించే కాబట్టి అందించినట్టు కాదని విభాగాధిపతి ఏదో అర్థం చెప్పి గట్టెక్కించాడు. మూడో అధ్యాయం తిరిగి రాయాలన్న షరతు మీద పట్టా ఇచ్చారు.

అందరూ వెళ్లాక వరండాలో ఇద్దరే మిగిలారు. కొరియా మేడమ్ వ్యాసం పోయింది, పదకొండు మందికి ఉత్తరాలు రాయాలి. అయినా పొద్దుటి బరువు గుండెల మీద లేదు. నవ్వుతూనే అడిగింది. "ఇంత మంచి వాదన అయిదేళ్లు కడుపులో పెట్టుకున్నావా? నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

చీమ సంచి పట్టీ మెలితిప్పుతూ నిలబడింది. "రెండో ఏడాది ఇంకో తేదీ తప్పుందని చెప్పాను మేడమ్. మీ పుస్తకంలో."

"ఊ?"

"అప్పుడు మీరు నాతో నెల రోజులు మాట్లాడలేదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఏ తేదీ, ఏ నెల అని వరండా గోడకి ఆనుకుని ఎంత తలబద్దలు కొట్టుకున్నా, ఆవిడకి ఒక్క ముక్కా గుర్తు రాలేదు.