కాటా మీద కోటేశ్వరమ్మ పిన్ని

ఒకే మనిషి, ఒకే లారీకి, అరగంటలో ఐదు సార్లు 'పో' అనీ నాలుగు సార్లు 'ఆగు' అనీ చెప్పడం మీరెక్కడైనా విన్నారా? అదీ గురజాలలో పెళ్ళి బంతిలో కూర్చుని, గోంగూర కలుపుకుంటూ? మా ఓనరు గారు చెప్పారు. ఆయనకే తెలియకుండా చెప్పారు. చెప్పించిన మహానుభావుణ్ణి నేను. నా తెలివి వల్ల ఆ పూట ఒక ఆడమనిషి ఏడాది కష్టం గేటు దాటిపోయేది. మీరు నవ్వండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

నరసరావుపేట దగ్గర ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. మూడు కంప్యూటర్లు: నాదొకటి, ఓనరు గారి గదిలో ఒకటి, గేటు పక్కన లారీలు తూచే కాటా గదిలో ఒకటి. మూడింటికీ కలిపి ఒక సర్వర్. బ్రౌజరు తెరిచి ఎవరి పేరు, పాస్‌వర్డ్ వాళ్ళు కొట్టి లోపలికి వెళ్ళాలి. కాయలు బయటికి పోవడానికి నొక్కాల్సిన 'అనుమతి' బటన్ ఓనరు గారికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

మా దగ్గర ఇంకో అలవాటుంది. రైతు ఇంకా ఊ అనకముందే, వరసలో చోటు దొరుకుతుందని, వ్యాపారులు 'ఫలానా వారి కాయలు ఇవ్వండి' అని అర్జీ పడేస్తారు. ఓనరు గారు రైతుకి ఫోన్ చేసి, సరేనంటేనే నొక్కుతారు. అంటే ఆ బటన్ వెనక ఒక ఫోన్ కాల్ ఉంది. నేను మరిచిపోయింది సరిగ్గా అదే.

ఓనరు గారికి పాస్‌వర్డ్ గుర్తుండదు. "ఒరేయ్ శీనూ, మళ్ళీ అడుగుతోందిరా! నా స్టోరేజీలోకి నేను పోటానికి నన్నే పేరడుగుద్దేందిరా ఇది?" అని రోజుకి పదిసార్లు కేక. విసుగెత్తి, ఒక మధ్యాహ్నం కూర్చుని, కంప్యూటర్ ఎవరి పేరుతో తెరిస్తే వాళ్ళనే సర్వర్ గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా లోపలికి పంపేలా అమర్చాను. ఓనరు గారు మురిసిపోయారు. నేను అంతకన్నా మురిసిపోయాను.

చిన్న సంగతి. ఆ మూడు కంప్యూటర్లనీ మొదట పెట్టినప్పుడు, మూడు పేర్లు ఎవడు గుర్తుపెట్టుకుంటాడులే అని, మూడింటినీ ఓనరు గారి పేరుతోనే తెరిచి పెట్టింది కూడా నేనే.

మర్నాడు ఓనరు గారు పెళ్ళికి వెళ్ళారు. పదకొండింటికి శావల్యాపురం నుంచి కోటేశ్వరమ్మ పిన్ని వచ్చింది. చుట్టం కాదు, అలా పిలవడం అలవాటు. ఎనభై నాలుగు టిక్కీలు, అంటే బస్తాలు, మా దగ్గర దాచుకుంది. ఎవరెంత అడిగినా ఇప్పుడే అమ్మనని కూర్చుంది. కుర్చీలో కూర్చోబోతూ కిటికీలోంచి చూసి ఆగిపోయింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ లారీ మీదయ్యి నా టిక్కీలేరా! ఆ పచ్చదారం నేనే కుట్టా!"

"ఓనరు గారు అనుమతిచ్చారు పిన్నీ, ఇదిగో పడింది," అన్నాను.

"నన్నడక్కుండా ఎట్టిస్తాడు?"

నిజమే, ఎట్టిస్తారు? అప్పుడు నా తెర పైన మూలకి చూశాను. 'స్వాగతం' అని ఓనరు గారి పేరు. నా కంప్యూటర్లో! నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేనూ ఓనరునే, కాటా గదిలో లారీలు తూచే నాగయ్య మామా ఓనరే. ఆయనకి పొద్దున్నుంచీ పచ్చటి 'అనుమతి' బటన్ కనిపిస్తోంది, తన పనేననుకుని నొక్కుతున్నాడు.

లారీ కాటా ఎక్కింది, బరువు లెక్కకి సరిపోయింది. ఇంకొక్క అనుమతి పడితే గేట్‌పాస్ ప్రింటవుతుంది, అంతే. చూస్తుండగానే పడింది. మా ప్రింటరు కదలడానికి అర నిమిషం పడుతుంది కాబట్టి బతికాను. 'రద్దు' నొక్కాను. రద్దయిన అర్జీ మళ్ళీ మొదటికొచ్చి కాటా గదిలో 'అనుమతించాలా?' అని అడిగింది. మామ నొక్కాడు. నేను రద్దు. మామ అనుమతి. మామకి ఫోన్ చేస్తే అది నా బల్ల మీదే చార్జింగులో మోగింది. పరిగెత్తుకెళ్దామంటే, నేను కుర్చీ వదిలిన అర నిమిషంలో లారీ గేటు దాటుతుంది.

ఇంతలో ఓనరు గారి ఫోను. "ఒరేయ్ శీనూ, నేనే అనుమతించానంట, నేనే రద్దు చేశానంట, వరసబెట్టి మెసేజీలు! విస్తరి ముందు కూర్చున్నానురా, నాకేమన్నా అయిందా?"

"మీకేం కాలేదు ఓనరు గారూ, అయింది నాకు!" అని పెట్టేశాను. నాలుగోసారి రద్దు నొక్కి, "పిన్నీ, ఎల్లి ఆ మామని ఆపు!" అని అరిచాను.

పిన్ని చెప్పులు వదిలేసి పరుగు తీసింది. కానీ మామ దగ్గరికి పోలేదు. తిన్నగా కాటా ఎక్కి లారీ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"లెగమ్మా, లారీ కదలాలి!" అన్నాడు మామ.

"నా మీద నుంచి పోనియ్యి!"

మామ అలవాటుగా ఐదోసారి నొక్కాడు. నేను కిటికీలోంచి పిన్నినే చూస్తూ రద్దు నొక్కడం మరిచాను. అయిపోయిందనుకున్నాను. ప్రింటరు కదల్లేదు. తెర మీద ఎర్రగా ఒక ముక్క: 'బరువు సరిపోలేదు. డెబ్బై ఎనిమిది కిలోలు ఎక్కువ.' దానికి అనుమతి బటన్ లేదు. ఓనరుకి కూడా లేదు.

అప్పుడు పరిగెత్తాను. టిక్కీలన్నీ దింపించి లోపల పెట్టించేదాకా పిన్ని కాటా దిగలేదు. దిగాక అంది, "నన్ను లోపలికి పంపేటప్పుడు మీ వాచ్‌మన్ మొహం చూశాడు, కాయితం చూశాడు, ఇంటిపేరు అడిగాడు. నీ మిషనుకి ఆ మాత్రం జ్ఞానం లేదేందిరా?" రెండడుగులేసి వెనక్కి తిరిగింది. "ఇంకో మాట. నా బరువు బయట చెప్పావో, చంపుతా."

ఆ సాయంత్రమే పాత పద్ధతి పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే కేక: "ఒరేయ్ శీనూ, మళ్ళీ అడుగుతోందిరా!" ఆ కేక అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు.

అదే కాటా మీద నిలబడి ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ యంత్రానికీ మనుషుల్ని దానంతటదే గుర్తుపట్టమని చెప్పను. ఇంట్లో కూడా అంతే. తలుపు కొట్టి "నేనే" అంటే మా ఆవిడకి కూడా తీయను, పూర్తి పేరు చెప్పాల్సిందే. 'నేనే' అన్న ఓనర్లు ఆ రోజు ముగ్గురున్నారు మరి.