ఎడమకు పసుపు, కుడికి కుంకుమ

ఇది 2022 నాటి మాట. బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియా వెనక వీధిలో మా షెడ్డు. మా నాయన లారీలు బాగుచేసిన చోటనే నేను మట్టి ట్రాకుల మీద నడిపే బళ్లు బాగుచేస్తాను. వాటిలో స్పోర్ట్ క్వాడ్ ఒక రకం. లావుపాటి చక్రాలు నాలుగు, మోటార్‌సైకిల్‌ హ్యాండిల్, ఒక్కరు కూర్చునే సీటు. రోడ్డు మీద తిప్పకూడదు, తోటల్లోనో ట్రాకుల్లోనో తిప్పుకోవాలి. కొత్తగా చూసినవాళ్లు ఇదేం, ట్రాక్టర్‌కు పుట్టిన పిల్లా అని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆ మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు.

భార్గవిది దొడ్డబళ్ళాపురం. వాళ్ల నాయన లక్ష్మీపతి గారు పట్టుమగ్గాలు నడుపుతారు. యాక్సిడెంట్‌లో ఆ అమ్మాయి కుడి చీలమండ దెబ్బతిని, లోపల రాడ్డు వేశారు. ఆగినప్పుడు టూవీలర్ బరువు ఆ కాలు మొయ్యలేదు. అంతకుముందు బుల్లెట్ మీద ఊళ్లు తిరిగిన పిల్ల ఇంట్లో కూర్చుండిపోయింది. అప్పుడు ఎవరి దగ్గరో పాత క్వాడ్ ఒకటి సంపాదించి మా షెడ్డుకు తెచ్చింది. వెనక బ్రేకును కాలి నుంచి చేతికి మార్చి ఇచ్చాను. మొదటిసారి షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఒక చుట్టు తిరిగి వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు మా ఇంటి పిల్లే.

ఆ బండికి ముందు భాగం అరిగిపోయింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి పైనొకటి, కిందొకటి ఉండే ఇనుప చేతులు. ఎ-ఆర్మ్ అంటాం. ఆ చేతుల చివర బాల్ జాయింట్, దానికి స్పిండిల్, దాని మీద చక్రం. ఆ పాత మోడల్‌కు ఈ సామాన్లు రావడం ఎప్పుడో మానేశాయి. అదే కంపెనీ కొత్త మోడల్ ఒకటి ఇంజిన్ పోయి అత్తిబెలె దగ్గరి తోటలో మూలపడి ఉందని తెలిసింది. దాని ముందు భాగమంతా విప్పి దీనికి ఎక్కించాలని మా ఆలోచన. ఛాసిస్ మీద బోల్టులు పట్టే చోటు రెండింటికీ ఒకటేనని కొలిచి చూసుకున్నాను. మిగతాది ఎక్కించాకే తెలుస్తుంది. ఒక మోడల్ చేతులు ఇంకో మోడల్‌కు బిగించినంత మాత్రాన బండి మాట వింటుందని గ్యారంటీ లేదు.

లక్ష్మీపతి గారికి ఈ బండి అంటే గిట్టదు. "ఒకసారి కాలు పోగొట్టుకునింది చాల్లేదా అప్పా?" అనేవారు నాతో. ఈసారి కుదరకపోతే బండిని విడిభాగాలకు అమ్మేద్దామని ఇంట్లో ఒప్పందం చేసుకున్నారట. హోసూరు నుంచి ఒకాయన సోమవారం వచ్చి చూస్తానన్నాడు. ఆ కబురు పెట్టింది కూడా లక్ష్మీపతి గారే. అయినా బిగించే రోజు కూతురితో పాటు వచ్చారు, పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని.

ఆ రోజు శుక్రవారం. ఎ-ఆర్మ్‌లకు కొత్తగా నల్లరంగు పొడి పూత వేయించాను. గాజులా మెరుస్తున్నాయి. ఏది ఎడమదో ఏది కుడిదో గుర్తుకని వాటి మీద సూదితో గీత గీయడానికి మనసొప్పదు. అందుకని మా నాయన నాటి అలవాటు ప్రకారం, పూజ పళ్లెంలోంచి ఎడమ వైపు సామాన్లకు పసుపు బొట్టు, కుడి వైపు వాటికి కుంకుమ బొట్టు పెట్టాను. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, రంగుకు ఏమీ కాదు. తర్వాత ఎ-ఆర్మ్‌లు ఛాసిస్‌కు కలిసే చోట వేసే బుష్‌లు తేవడానికి అత్తిబెలె వెళ్లాను. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఆలస్యమవుతుందని మునిరెడ్డికి ఫోన్ చేసి చెప్పాను. మునిరెడ్డి నా పార్ట్‌నర్, చెయ్యి తిరిగిన ఫిట్టర్. నేను వచ్చేసరికి బుష్‌లు ఒక్కటే తక్కువగా అన్నీ అమర్చి, శుభ్రంగా తుడిచి పెట్టాడు. బుష్‌లు వేసి, బోల్టులు బిగించి, చక్రాలు ఎక్కించాం.

భార్గవి బండెక్కింది. పది గజాలు పోయిందో లేదో హ్యాండిల్ అటూ ఇటూ జారసాగింది. తిప్పిన హ్యాండిల్ తిప్పినట్టే ఉండిపోతోంది, తిరిగి నేరుగా రావడం లేదు. ఇంకాస్త వేగం పెంచేసరికి బండి తనంతట తాను ఎడమకు ఈడ్చుకుపోయింది. కాంపౌండు గోడ ఇంకా మూరెడు దూరం ఉందనగా బ్రేకు పట్టింది. లక్ష్మీపతి గారు అరుగు మీద నుంచి లేచి నిలబడ్డారు.

టో చూశాను, అంటే ముందు చక్రాల ముక్కులు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అన్నది. సరిగ్గానే ఉంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్‌లు మళ్లీ కొలిచాను. బాల్ జాయింట్లు పట్టి ఊపి చూశాను. ఎక్కడా తేడా లేదు. ఇంకోసారి నడిపి చూస్తే మళ్లీ అదే వరస. బండిని తిట్టాను, ఆ కంపెనీని తిట్టాను, మునిరెడ్డిని కూడా ఊరికే నాలుగు తిట్టాను.

"ఈ రెండు మోడళ్లకు పొత్తు కుదరలేదు పాపా," అన్నాను చివరికి. "దీని మీద నిన్ను పంపలేను."

భార్గవి హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది. "పోనీలే అన్నా. నువ్వు చేసేదంతా చేసినావు కదా," అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక స్పానర్ల కోసం వెతుకుతున్నట్టు వెనక్కి తిరిగాను.

విప్పడం మొదలుపెట్టాను. చెయ్యి అలవాటుకొద్దీ పళ్లెంలోకి పోయింది. ఎడమ వైపు పై ఎ-ఆర్మ్ మీద పసుపు బొట్టు పెట్టాను.

"ఏమప్పా వెంకటేశు, ఒట్టి పసుపే పెడతావే?" అన్నారు లక్ష్మీపతి గారు పక్కకు వచ్చి. "కుంకుమ పెట్టవా?"

అసలే చిరాకులో ఉన్నాను. "పూజ కాదన్నా ఇది! ఎడమకు పసుపు, కుడికి కుంకుమ. తారుమారు గాకుండా గుర్తు," అన్నాను.

ఆయన గేటు దాకా నడిచి వెళ్లి, రోడ్డు మీద పోయే కంటైనర్ లారీల వైపు చూస్తూ నిలబడ్డారు. బిడ్డకు బాధ కలిగిందని ఆయన కూడా బాధపడుతున్నారనుకున్నాను. కాసేపటికి తిరిగొచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"మధ్యాన్నం నువ్వు లేనప్పుడు చూస్తి గదప్పా, కొన్నిటికి పసుపే ఉండాది, కొన్నిటికి కుంకుమే ఉండాది. తొందరలో సగం పూజ చేసి పోయినాడు అనుకొంటి. శుక్రవారం పూట, బిడ్డ ఎక్కే బండి, అట్ల వదిలేస్తే బాగుండదని అన్నిటికీ రెండూ పెట్టేస్తి."

నేను మునిరెడ్డి వైపు చూశాను. అతను నాలుక కరుచుకున్నాడు. "అన్నిటికీ రెండూ ఉంటే నువ్వే పూజ చేసినావేమో అనుకొంటిన్నా. కింది చేతులు చూస్తే తెలిసిపోతాది. పైవి రెండూ ఒకే మాదిరి ఉండాయి కదా, అందాజుతో అమర్చేస్తి."

అవి ఒకేలా కనబడతాయి గానీ ఒకటి కావు. పై చేతి కొన కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. దానివల్ల చక్రం పక్కలకు మళ్లే ఇరుసు సైకిల్ ఫోర్కులాగా వెనక్కి వాలుతుంది. ఆ వాలునే క్యాస్టర్ అంటాం. హ్యాండిల్ వదిలితే తిరిగి నేరుగా వచ్చేది ఆ వాలు వల్లనే. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేస్తే అది ముందుకు వాలుతుంది, బండికి పిచ్చెక్కుతుంది. ఈ బండిలో క్యాస్టర్ తిప్పి సరిచేసేది కాదు కాబట్టి నా చూపు అటు పోలేదు. మోడళ్ల మీద నెపం వేసి ఊరుకున్నాను.

పైచేతులు రెండూ అటుదిటు మార్చాం. భార్గవి మళ్లీ ఎక్కింది. వంపు తిరిగి బయటికి రాగానే ఒక్క క్షణం చేతులు సడలించింది. హ్యాండిల్ తనంతట తాను నేరుగా వచ్చి నిలబడింది. ఆ పిల్ల వేసిన కేకకు పక్క ఫ్యాక్టరీ వాచ్‌మన్ బయటికి వచ్చాడు.

లక్ష్మీపతి గారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. నాకు అప్పుడు తట్టింది. ఈయన గేటు దగ్గర నుంచి ఊరికే తిరిగొచ్చి ఉంటే మేం సామాన్లు విప్పేసేవాళ్లం, సోమవారం బండి పోయేది, ఆయన కోరిక తీరేది. ఆగలేక అడిగేశాను. "చెప్పకుంటే మీరు అనుకున్నట్టే అయిపోయుండునే అన్నా?"

"ఈ పొద్దు నా పూజ వల్లే బండి పోయిందంటే, నేనింక దేవునికి ఏ ముఖంతో దీపం పెట్టేదప్పా?" అన్నారు. తర్వాత కూతురి వైపే చూస్తూ, "నాకు భయమే. ఇప్పుడూ భయమే. ఆ భయం కోసం ఆ పిల్ల కాళ్లు నేను ఇరగ్గొట్టలేను కదా," అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

రెండు మోడళ్లు కలవవని తేల్చేముందు, దేని చోట అది ఉందో లేదో చూసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. క్యాస్టర్ కొలవడం ఇప్పుడు నా మొదటి పని. పసుపు కుంకుమల గుర్తు మాత్రం మానలేదు, షెడ్డుకు వచ్చినవాళ్లకు ముందే చెబుతాను. భార్గవి బండి సర్వీసుకు వచ్చినప్పుడల్లా లక్ష్మీపతి గారూ వస్తారు. నేను స్పానర్ పట్టుకునేలోపు ఆయనే పూజ పళ్లెం అందుకుని బండి ముందు గొంతుక్కూర్చుంటారు.

"ఎడమ ఏదో చూపించప్పా," అంటారు. "పసుపు నేను పెడతా."