ఖాళీ కడుపుతో దిగిన ఫొటో

ఈ ఉదయం కూర్మన్నపాలెం నుంచి మావయ్య ఫోన్ చేసి, “అమ్మీ, లివర్ సుబ్బరంగా ఉందంట, డాక్టరమ్మ సెప్పింది!” అని అరిచినప్పటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు. క్యాన్సర్ ఆపరేషన్ అయిన మనిషికి ఇన్నేళ్ల తర్వాత కూడా స్కానింగ్‌లో ఏమీ లేదంటే, ఆ సంతోషం అనుభవించినవాళ్లకే బాగా తెలుస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నాన్న పోర్టులో కళాసీ. అమ్మ తమ్ముడైన ఈ మావయ్య స్టీల్‌ప్లాంటు నుంచి ఇనుము మోసే లారీకి డ్రైవరు. రెండువేల సంవత్సరం తర్వాతి ఆ రోజుల్లో ఆయనకు హెచ్ఐవి అని తెలిసినప్పుడు, ఆ పేరు ఇంట్లో కూడా గుసగుసగానే పలికేవాళ్లం. ఉచితంగా మందులివ్వడం మొదలయ్యాక తేరుకుని మళ్లీ స్టీరింగ్ పట్టాడు. అంతా బాగుందనుకుంటున్న సమయంలో, ఆ మందులిచ్చే ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన నాడి చూస్తూ మణికట్టు మీద కాలిన మచ్చ గమనించింది. కామెర్లొస్తే చేతికి వాత పెట్టించుకోవడం, కళ్లు తెల్లబడగానే రోగం పోయిందనుకోవడం మన వైపు మామూలే కదా! ఆమె మాత్రం వెంటనే రక్తపరీక్ష చేయించింది. హెపటైటిస్-బి బయటపడింది. కళ్లు తెల్లబడినా ఆ వైరస్ లివర్‌లో ఉండిపోవచ్చనీ, హెచ్ఐవి కూడా తోడైతే క్యాన్సర్ భయం ఎక్కువనీ, ఒంట్లో బాగున్నా స్కానింగ్ తీయిస్తూ ఉండాలనీ మావయ్యకూ, తోడు వెళ్లిన నాకూ విడమరిచి చెప్పింది.

మావయ్య వింటేగా! “ఈ వాత సూడు. కామెర్లు ఎప్పుడో పోనాయి. నిక్షేపంలా లారీ తోల్తన్నాను, నాకు స్కానింగేటే?” అనేవాడు. “నీ సదువు మీ మావకి ఎక్కదులే,” అని అత్త నన్ను ఎగతాళి చేసేది గానీ, చాటుగా కళ్లు తుడుచుకునేది.

చివరికి నేను పట్టా అందుకున్నాక ఉపాయం దొరికింది. మర్నాడు పొద్దున్నే అద్దెకు తెచ్చిన నల్లగౌను తొడుక్కుని, ఇస్త్రీచొక్కా వేసుకున్న మావయ్యను స్టూడియోకి లాక్కెళ్లాను. పక్క హోటల్లోంచి పెసరట్ల వాసన వస్తున్నా ఫొటో అయ్యేదాకా టిఫిన్ లేదన్నాను. “ఫొటోకి ఖాళీకడుపేటే గుంటా?” అని గొణుగుతూనే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి నేరుగా, ఖాళీకడుపుతోనే రమ్మన్న స్కానింగ్ సెంటర్ ముందు ఆటో ఆపించేసరికి ఆయనకు విషయం అర్థమైంది. వెనక్కి తిరిగి వెళ్లిపోతాడేమోనని మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చేతిలోని పట్టా వంక చూసి, “ఇయ్యాల నీ మాట కాదంటానేటి... నడు,” అన్నాడు.

లివర్లో చిన్న గడ్డ కనిపించింది. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి కోసి తీసెయ్యగలిగారు. ఆ తర్వాత ఏ స్కానింగ్‌కీ ఆయన్ని బతిమాలాల్సిన పని పడలేదు; ముందు రాత్రి నుంచే కడుపు ఖాళీగా ఉంచుకుని, ఇస్త్రీచొక్కా తొడుక్కుని తయారైపోతాడు.

ఇప్పుడా స్టూడియో లేదు. మావయ్యతో పాటు మందుల కోసం వరుసలో నిలబడిన లారీ స్నేహితులు కొందరూ లేరు. మందులు మింగుతూనే, లివర్ సంగతి తెలియకుండానే వెళ్లిపోయారు. వాళ్లనీ ఎవరైనా ఒకపూట టిఫిన్ తిననివ్వకుండా స్కానింగ్‌కి లాక్కెళ్లి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అప్పట్లో మా గుమ్మం దాటని ఆ రోగాల పేర్లన్నీ, ఇవాళ మావయ్య టీకొట్టు ముందు నిలబడి, నలుగురూ వింటుండగా ఫోన్లో చెప్పాడు. మా గోడ మీది ఫొటోలో మాత్రం ఆయన ఇంకా టిఫిన్ కోసం నా వైపు గుర్రుగా చూస్తూనే ఉన్నాడు.