ముందు బండికి, తరువాత మనిషికి

విద్యుత్ కారు పల్లె ప్రయాణాలకు సరిపోతుందని వాదించడానికి, కొత్తగా కొన్న అలాంటి కారులోనే కొల్లాపూర్ కళాశాల చర్చాపోటీకి బయలుదేరాను. నాగర్‌కర్నూల్ దాటాక ఛార్జింగ్ అడుగంటింది. రోడ్డు పక్కన అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ఒక అవ్వను, ప్లగ్గు వాడుకోవచ్చా అని అడిగాను.

"పెట్టుకో బిడ్డా. నిండితే ఎంత దూరం పోతది?"

కంపెనీ ప్రకటించిన దూరం చెప్పాను.

"అమ్మెటోడు చెప్పినన్ని పాలు ఏ బర్రె ఇచ్చింది?" అని నవ్వింది.

వైరు తగిలించగానే జొన్నరొట్టె, పుంటికూర తెచ్చింది. ఆకలి లేదని సకారణంగా నిరూపించబోయాను.

"ఎనుకట చుట్టాలు బండి కట్టుకొనొస్తే ముందుగాల ఎడ్లకు గడ్డేసి, అటెన్క మనిషికి పెట్టెటోళ్లం. నీ బండి తింటాంది. నువ్వు తినకుంటే నాకు మాట రాదా?"

వాదన మానేసి చేతులు కడుక్కున్నాను. తిన్నాను.

కొల్లాపూర్‌కు ఆలస్యంగా చేరాను. దారిలో ఛార్జింగ్ అయిపోతే గతేమిటని ప్రతిపక్షం అడిగింది. "ముందు బండికి పెడతారు, తరువాత మనకు" అన్నాను. సభ నవ్వింది కానీ, న్యాయనిర్ణేతలు మార్కులు వేయలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ ఇంటి ముందే ఆగాను.

"మళ్ల అయిపోయిందా బిడ్డా?"

"బండికి కాదవ్వా, ఈసారి నాకు ఆకలైంది."